ఒక్క పాయింటు తేడాతో

నాక్స్‌విల్‌లో దిగిన మొదటి వారంలోనే ఆ ఊరికి నారింజ రంగు పిచ్చి అని తెలిసిపోయింది. అది 2006 ఆగస్టు. గుంటూరులో ఎమ్మెస్సీ అయ్యాక, టెనెసీ విశ్వవిద్యాలయంలో స్టాటిస్టిక్స్ చదవడానికి రెండు పెట్టెలతో, ఒక కుక్కరుతో వెళ్ళాను. టోపీలు నారింజ, చొక్కాలు నారింజ, కార్లకు కట్టిన జెండాలు నారింజ. మా విభాగం కార్యాలయంలో పనిచేసే పెద్దావిడ గోళ్ళరంగు కూడా నారింజే. ఇంకాస్త ముదిరితే కాషాయమే కదా, ఊరు ఊరంతా దీక్ష పట్టిందేమో అనుకుని నవ్వుకునేదాన్ని.

ఆ పెద్దావిడే ఒకరోజు కాగితాల మీద ముద్ర వేస్తూ, "చదువు కాక ఇంకేం చేసేదానివి హనీ, మీ ఊళ్ళో?" అని అడిగారు. బాస్కెట్‌బాల్ ఆడేదాన్ని అన్నాను. ముద్ర వేసే చెయ్యి ఆగింది. కళ్ళజోడు కిందికి దించి నన్ను పైనుంచి కిందికి చూశారు. నేను ఐదడుగుల మూడంగుళాలు. ఆవిడ నవ్వలేదు. "అయితే నువ్వు ప్యాట్‌ను చూడాలి" అన్నారు.

ప్యాట్ అంటే ప్యాట్ సమ్మిట్. ఆ విశ్వవిద్యాలయం అమ్మాయిల జట్టుకు, లేడీ వాల్స్‌కు, 1974 నుంచీ ఆవిడే కోచ్. అప్పటికే ఆరుసార్లు జాతీయ ఛాంపియన్లు. అయినా ఆ ఊళ్ళో ఎవరూ ఆవిడను ఇంటిపేరుతో అనేవారు కాదు. కిరాణా కొట్టులో, బస్సులో, లైబ్రరీలో అందరికీ ప్యాటే. ఇంట్లో పెద్దకూతురి గురించి మాట్లాడుకున్నట్టు మాట్లాడేవారు.

పెద్దావిడ దగ్గర ఏడాది పొడుగునా చెల్లే టికెట్లు రెండుండేవి. వాళ్ళాయనకు మోకాళ్ళు అరిగిపోయి అరీనా మెట్లు ఎక్కలేకపోవడంతో ఆయన కుర్చీ నాకు దక్కింది. నవంబరులో మొదటి ఆటకు వెళ్ళాను. నది ఒడ్డున పెద్ద కట్టడం, థాంప్సన్–బోలింగ్ అరీనా. ఇరవై వేల మందికి పైగా పట్టేవారు. ఆ రోజు పదివేలకు తక్కువ లేరు. నేను ఆడిన రోజుల్లో మాకు మహా అయితే నలభై మంది ప్రేక్షకులు. అందులో సగం మా జట్టువాళ్ళే, మిగతా సగం మేము కోర్టు ఖాళీ చేస్తే వాలీబాల్ వల కట్టుకుందామని ఎదురుచూసేవాళ్ళు. ఇక్కడ ముసలమ్మలు, తాతలు, చంకలో పిల్లలతో తల్లులు, ఆడపిల్లల ఆట చూడటానికి టికెట్లు కొనుక్కుని కూర్చున్నారు. అన్నిటికంటే ముందు నా కళ్ళు రింగుల వైపే వెళ్ళాయి. రెండింటికీ వలలున్నాయి.

మా కాలేజీ రింగులకు వలలు ఉండేవి కావు. బంతి లోపలినుంచి వెళ్ళిందో పక్కనుంచి వెళ్ళిందో తేల్చడానికి రోజూ ఒక పంచాయతీ. కోర్టు సిమెంటుది, మధ్యలో అడ్డంగా ఒక బీట. బంతి ఆ బీట మీద పడితే ఎటు ఎగురుతుందో మాకు తెలుసు, బయటినుంచి వచ్చిన జట్లకు తెలియదు. సొంత కోర్టు బలం అంటారే, మాకు అదంతా ఆ బీటలోనే ఉండేది.

మాకు కోచ్ అని విడిగా ఎవరూ లేరు. పీడీ మేడమ్ ఒక్కరే. ఖోఖోకూ ఆవిడే, షాట్‌పుట్‌కూ ఆవిడే, ఆగస్టు 15న కవాతుకూ ఆవిడే. కానీ ఆవిడ ప్రాణం మాత్రం బాస్కెట్‌బాల్. నేత చీర, కుచ్చిళ్ళు నడుములో దోపి, కాళ్ళకు తెల్ల కాన్వాసు బూట్లు, మెడలో నల్లపూసల పక్కన ఈల. పొద్దున్న ఐదున్నరకల్లా కోర్టులో ఉండేవారు. మా ఇళ్ళకు స్వయంగా వచ్చి, "ఏడున్నరకల్లా మీ అమ్మాయిని నేనే ఇంటి దగ్గర దింపుతానండీ" అని నాన్నలకు మాట ఇచ్చి మమ్మల్ని తీసుకువెళ్ళేవారు. జట్టు మొత్తానికి ఒకే జత జెర్సీలు, నాలుగో నంబరు నుంచి పదిహేనో నంబరు వరకు పన్నెండు. ఒక బ్యాచి వదిలితే ఇంకో బ్యాచి తొడుక్కోవాలి. పోటీ అయిపోగానే అన్నీ మూటకట్టి ఇంటికి తీసుకుపోయి ఉతికి, ఊడిన నంబర్లు మళ్ళీ కుట్టి తెచ్చేవారు. ప్రయాణానికి ముందు డబ్బు ఆవిడే పెట్టేవారు. ఆ బిల్లు పాసయ్యేసరికి మరుసటి ఏడాది పోటీలు వచ్చేసేవి.

ఇవన్నీ నాకు అప్పుడు గొప్పగా అనిపించలేదు. పీడీ మేడమ్ అంటే అంతేగా అనుకున్నాను. విలువ తెలిసింది నాక్స్‌విల్‌లో, ఆట సగంలో ఆగినప్పుడల్లా పెద్దావిడ చెప్పిన కథలు విన్నాక.

ప్యాట్ పల్లెటూరి పిల్ల. 1952లో పుట్టారు. నాన్నది వ్యవసాయం, పాడి. ముగ్గురు అన్నలతో కలిసి గడ్డి దాచే అటక మీద రింగు బిగించుకుని ఆడుతూ ఆట నేర్చారు. ఊళ్ళోని హైస్కూలులో ఆడపిల్లలకు జట్టు లేదని తెలిసి, వాళ్ళ నాన్న కాపురాన్నే జట్టున్న పక్క కౌంటీకి మార్చేశాడు. ఈ ముక్క విన్నప్పుడు నేను పాప్‌కార్న్ పొట్లం పక్కన పెట్టేశాను. మా నాన్న మంచివాడే, కానీ నేను ట్రాక్ ప్యాంటు వేసుకుని వీధిలోకి వెళ్ళడానికి ఒప్పుకోవడానికే ఆయనకు ఏడాది పట్టింది.

కాలేజీలో అన్నలకు ఆటల కోటాలో స్కాలర్‌షిప్పులు వచ్చాయి. చెల్లెలికి రాలేదు, ఆడపిల్లలకు అప్పట్లో అలాంటివి లేవు. చదువులో, ఆటలో ఆడా మగా తేడా చూపకూడదని అమెరికాలో చట్టం వచ్చిందే 1972లో. అది కాగితం మీదినుంచి కోర్టు మీదికి దిగడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది.

1974లో ఆవిడ ఇరవై రెండేళ్ళ వయసులో నాక్స్‌విల్‌కు వచ్చింది సహాయకురాలి పనికి, పక్కనే పీజీ చదువుకి. అప్పటి కోచ్ సెలవు మీద వెళ్ళడంతో జట్టు మొత్తం ఈవిడ చేతిలో పడింది. జీతం నెలకు 250 డాలర్లు. జట్టులో కొందరు ఆవిడకంటే ఒక్క ఏడాదే చిన్న. జట్టు వేసుకునే జెర్సీలు అంతకుముందు ఏడాది డోనట్లు అమ్మగా వచ్చిన డబ్బుతో కొన్నవి. వాటిని ఉతికేది కోచే. ఊళ్ళకు వెళ్ళాలంటే వ్యాను నడిపేదీ కోచే. ఆ మధ్యలో దెబ్బతిన్న మోకాలిని బాగుచేసుకుంటూ తను కూడా ఆడేవారు, 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో అమెరికా జట్టుకు రజతం వచ్చింది ఆవిడ ఉన్నప్పుడే.

జెర్సీల దగ్గరకు వచ్చేసరికి నేను పెద్దావిడను ఆపి, "ఏమిటీ, ఆవిడే ఉతికేదా?" అని మళ్ళీ అడిగాను. "ఆవిడ కాక ఇంకెవరు ఉతుకుతారు?" అన్నారు, నేనేదో అర్థంలేని ప్రశ్న అడిగినట్టు.

కోచ్‌గా ఆవిడ మొదటి ఆట మెర్సర్ అనే కాలేజీతో. 84–83. ఒక్క పాయింటు తేడాతో ఓడిపోయారు.

కోర్టు పక్కన ఆవిడను చూడటం ఇంకో ఆట. మా కుర్చీలు పైన ఎక్కడో, ఆవిడ అగ్గిపుల్లంత కనిపించేవారు. అయినా ఆ చూపు అక్కడి వరకూ తగిలేది. నీలి కళ్ళు రెప్ప వెయ్యకుండా ఒక అమ్మాయి మీద నిలిచాయంటే ఆ అమ్మాయి చేసిన తప్పు అరీనా మొత్తానికి తెలిసిపోయినట్టే. మా అమ్మమ్మ చూపు అలాంటిదే, ఇంటికి బంధువులొచ్చినప్పుడు మేము రెండో లడ్డూ వైపు చెయ్యి చాపితే చూసే చూపు. ఒకసారి రాత్రంతా విందుల్లో తిరిగి వచ్చిన జట్టును, కోర్టు నాలుగు మూలలా చెత్తబుట్టలు పెట్టి, వాంతి చేసుకునేదాకా పరిగెత్తించారట. ఇది నాకు ఇప్పటికీ పూర్తిగా మింగుడుపడదు. ఇవాళ ఎవరైనా అలా చేస్తే ఊరుకుంటామా? అక్కడి వాళ్ళు మాత్రం ఈ కథను మురిపెంగా చెప్పుకునేవారు.

నాకు నచ్చిన కఠినత్వం వేరే ఉంది. ఆటగత్తెలు తరగతి మానడానికి వీల్లేదు, ముందు మూడు వరసల్లోనే కూర్చోవాలి. ఆవిడ దగ్గర చివరిదాకా ఆడిన ప్రతి అమ్మాయీ పట్టా పుచ్చుకునే బయటికి వచ్చింది. ముప్పై ఎనిమిదేళ్ళలో ఒక్కరు కూడా తప్పలేదు. మా పీడీ మేడమ్‌కు దీనికి సరిగ్గా తలకిందుల సమస్య. ఆవిడ ఆటగత్తెలు చదువులో కాదు, పెళ్ళిచూపుల్లో రాలిపోయేవారు. విశ్వవిద్యాలయం జట్టుకు ఎంపికైన మా పదో నంబరు అమ్మాయికి ఆ నెలలోనే నిశ్చితార్థం అయింది. మేడమ్ వాళ్ళింటికి రెండుసార్లు వెళ్ళి వచ్చారు. రెండోసారి చేతిలో శుభలేఖతో తిరిగి వచ్చారు.

పెద్దావిడ చెప్పిన కథల్లో నేను పదిమందికి చెప్పి నవ్వించింది మాత్రం 1990 నాటిది. నిండు చూలాలు ప్యాట్, ఒక అమ్మాయిని జట్టులోకి రమ్మని అడగడానికి పెన్సిల్వేనియాలో వాళ్ళింటికి విమానంలో వెళ్ళారు. ఆ ప్రయాణంలోనే నొప్పులు మొదలయ్యాయి. పరుగున విమానం ఎక్కారు. దారిలో నొప్పులు ఎక్కువయ్యాయి, వర్జీనియాలో దింపేస్తామని పైలట్లు అన్నారు. ససేమిరా అన్నారట. ఆ ఏడాదే తన జట్టును ఓడించిన వర్జీనియాలో బిడ్డను కనడమా! టెనెసీలో దిగాకే కొడుకు పుట్టాడు. తొలికాన్పు పుట్టింట్లోనే అన్న మన పట్టింపును ఇంతగా పాటించిన మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు. ఆ పెన్సిల్వేనియా అమ్మాయి మిషెల్ మార్సినియాక్ మొదట వేరే కాలేజీకి వెళ్ళి, తర్వాత ఇక్కడికే మారి, 1996లో గెలిచిన జట్టులో ఆడింది.

నేనున్న రెండేళ్ళూ నా అదృష్టం కొద్దీ రెండు కప్పులు వచ్చాయి, 2007, 2008. అంతకుముందు 1998 తర్వాత తొమ్మిదేళ్ళు కరువు. ఆ మధ్యలో కనెటికట్ జట్టు ఫైనళ్ళలోనే మూడుసార్లు ఓడించింది. ఆ రాష్ట్రం పేరెత్తితే పెద్దావిడ ముఖం ముడుచుకునేవారు, అక్కడ మా పిన్ని కొడుకు ఉద్యోగం చేస్తున్నాడని నేను చివరిదాకా చెప్పలేదు.

2007 చలికాలంలో ఊరంతా నవ్విన సంగతి ఒకటుంది. జనవరిలో మగపిల్లల జట్టు కోచ్ బ్రూస్ పెర్ల్ చొక్కా విప్పేసి, ఒంటికి నారింజ రంగు పూసుకుని వచ్చి అమ్మాయిల ఆటలో కేకలు పెట్టాడు. ఫిబ్రవరిలో దానికి బదులుగా ప్యాట్ చీర్‌లీడర్ దుస్తులు వేసుకుని మగపిల్లల ఆటకు వచ్చి కోర్టు మధ్యలో పాట పాడారు. యాభై నాలుగేళ్ళ మనిషి. నవ్వని మనిషని పేరున్న మనిషి. ఆ మగపిల్లల జట్టుకే కోచ్‌గా రమ్మని ఆవిడను రెండుసార్లు అడిగారట. అది పై మెట్టు అని మీరెందుకు అనుకుంటున్నారు అని ఆవిడ ఎదురు ప్రశ్న వేశారట.

2008 ఏప్రిల్ సంగతి చెబితే ఇప్పటికీ నాకు చేతులు చల్లబడతాయి. మా జట్టులో పెద్ద ఆటగత్తె క్యాండేస్ పార్కర్‌కు అంతకుముందు ఆటలో భుజం జారింది, రెండుసార్లు. అయినా ఆడింది. సెమీఫైనల్లో ఎల్‌ఎస్‌యూ, అంటే లూసియానా స్టేట్ విశ్వవిద్యాలయం జట్టు, ఒక్క పాయింటు ఆధిక్యంలో ఉంది. ఆఖరి క్షణంలో రింగుకు తగిలి బయటికి వచ్చిన బంతిని అలెక్సిస్ హార్న్‌బకిల్ గాలిలోనే తట్టి లోపలికి వేసింది. గడియారంలో మిగిలింది 0.7 సెకన్లు. 47–46. మా అపార్ట్‌మెంట్‌లో టీవీ ముందు ఆరుగురం తెలుగువాళ్ళం, అందులో బాస్కెట్‌బాల్ తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. అందరూ గెంతారు. నేను మాత్రం కూర్చుండిపోయాను. ఒక్క పాయింటు అంటే నాకు వేరే లెక్క ఉంది.

డిగ్రీ రెండో ఏడు, అంతర్ కళాశాలల పోటీలు, బాపట్లలో సెమీఫైనల్. మేము ఒక్క పాయింటు వెనకబడి ఉన్నాం. నాకు రెండు ఫ్రీ త్రోలు. అటు ఎవరూ అడ్డు రారు, ఎవరూ తొయ్యరు, రింగు, నేను, బంతి. మొదటిది రింగు ముందు తగిలి పడింది. రెండోది వెనక తగిలి ఎగిరింది. ఈల ఊదారు. తిరుగు ప్రయాణంలో మేడమ్ స్టేషన్లో అందరికీ ఇడ్లీ కొన్నారు, నాకు రెండో ప్లేటు కూడా పెట్టించారు, ఆ మాట మాత్రం ఎత్తలేదు. మర్నాడు పొద్దున్న ఐదున్నరకు నా చేతికి బంతి ఇచ్చి గీత దగ్గర నిలబెట్టారు. వంద వెయ్యమన్నారు. బెంచీ మీద కూర్చుని లెక్కపెట్టారు. "అరవై ఒకటి" అని చెప్పి, ఈల జేబురుమాలుతో తుడుచుకుని వెళ్ళిపోయారు.

2008 డిసెంబరులో ఇంటికి వెళ్ళినప్పుడు మేడమ్‌ను చూడటానికి వెళ్ళాను. ప్యాట్ కథలన్నీ చెప్పాను. ఎనిమిది కప్పులు, 1984లో కోచ్‌గా ఒలింపిక్ స్వర్ణం, పది లక్షల డాలర్లు దాటిన జీతం, ఆవిడ పేరు పెట్టిన కోర్టు. అంతకు నెల ముందు ఇంటి దగ్గర కుక్క మీదికి వచ్చిన రకూన్ అనే జంతువును మోచేత్తో నెట్టబోయి భుజం జారగొట్టుకున్న సంగతి కూడా చెప్పాను. మేడమ్ కాఫీ కలుపుతూ విన్నారు. జెర్సీలు ఉతికిన సంగతి దగ్గర మాత్రం స్టవ్ తగ్గించి ఇటు తిరిగారు.

"ఎన్నాళ్ళు ఉతికింది?"

మొదట్లో కొన్నేళ్ళు అన్నాను.

"మరి సబ్బు డబ్బులు?" అని అడిగి, నా జవాబు కోసం ఆగకుండా పకపకా నవ్వారు. ఆవిడ అంతలా నవ్వడం నేను చూడటం అదే మొదలు.

ప్యాట్ గెలిచిన ఆటలు 1,098, ఓడినవి 208. స్టాటిస్టిక్స్ చదివిన దాన్ని కాబట్టి చెబుతున్నాను, నూటికి ఎనభై నాలుగు. మా మేడమ్ గెలిచినవి ఎన్నో ఎవరూ రాసి పెట్టలేదు.

2011 ఆగస్టులో నేను అట్లాంటాలో ఉద్యోగం చేస్తున్నాను. మధ్యాహ్నం పెద్దావిడ ఫోను. మాట సరిగా రావడం లేదు. ప్యాట్‌కు మతిమరుపు జబ్బు, అల్జీమర్స్ తరహాది, ఆవిడే బయటపెట్టారు అని చెప్పారు. యాభై తొమ్మిదేళ్ళకే. ముందు కీళ్ళవాతానికి వేసుకునే మందుల వల్ల అనుకున్నారట. ఏ ఆటలో ఏ నిమిషాన ఎవరు ఎక్కడ నిలబడాలో చెప్పే మనిషికి, మాట మధ్యలో దారి తప్పడం మొదలైందట.

ఆ సీజను ఆవిడ మానలేదు. ఫిబ్రవరిలో కారు వేసుకుని నాక్స్‌విల్‌కు వెళ్ళాను. అవే కుర్చీలు. పెద్దాయన పోయి అప్పటికి ఏడాదయింది, ఆ కుర్చీ ఇక నాదేనన్నారు పెద్దావిడ. కింద కోర్టు పక్కన నిలబడి కేకలు వేస్తున్నది హాలీ వార్లిక్, ఒకప్పుడు ప్యాట్ దగ్గర ఆడి, తర్వాత ఏళ్ళ తరబడి ఆవిడకు సహాయకురాలిగా ఉన్న మనిషి. ప్యాట్ బెంచీ మీద కూర్చుని ఉన్నారు. ఒకటి రెండు సార్లు ముందుకు వంగారు. మా చుట్టుపక్కల వాళ్ళు చాలామంది ఆట వైపు చూడటం లేదు, బెంచీ వైపే చూస్తున్నారు. ఎవరు గెలిచారో నాకు గుర్తులేదు అని ఇప్పుడు రాయబోయి ఆగాను, ఆ మాట ఇక్కడ తేలిగ్గా వాడాలని అనిపించలేదు. లేడీ వాల్స్ గెలిచారు.

మార్చిలో బేలర్ విశ్వవిద్యాలయం జట్టు చేతిలో ఓడిపోవడంతో ఆ సీజను ముగిసింది. ఏప్రిల్లో ఆవిడ పగ్గాలు వార్లిక్‌కు అప్పగించారు. 2016 జూన్ 28న, అరవై నాలుగేళ్ళకు, వెళ్ళిపోయారు.

ఆ రాత్రి నేను గుంటూరుకు ఫోను చేశాను. అక్కడ తెల్లవారుతోంది. మేడమ్ రిటైరై అప్పటికి ఐదేళ్ళు, అయినా ఐదున్నరకు లేస్తారని తెలుసు. "ఎవరూ?" అన్నారు. పేరు చెప్పాను. "ఆరో నంబరా, చెప్పు" అన్నారు. ప్యాట్ పోయారని చెప్పాను. ఏ జబ్బో కూడా చెప్పాను. అవతలి నుంచి చాలాసేపు మాట లేదు. వీధిలో పాలవాడి సైకిలు గంట వినిపించింది.

"చివర్లో పిల్లల పేర్లు గుర్తున్నాయా ఆవిడకు?" అని అడిగారు.

కొన్నాళ్ళ వరకు ఉండి ఉంటాయి మేడమ్ అన్నాను.

మళ్ళీ కాసేపు ఆగారు. "ఆ మొదటి మ్యాచ్, ఒక్క పాయింటుతో పోయిందన్నావే, ఫ్రీ త్రోలు ఎన్ని వదిలారు వాళ్ళు?"

నేను నీళ్ళు నమిలాను.

"కనుక్కో. అక్కడే పోయి ఉంటుంది. నీలాంటిది ఎవతో ఒకతి ఉండి ఉంటుంది ఆ జట్టులో" అన్నారు మేడమ్.